తప్పు చేతిది కాదు, గాలిది

మొన్న ఆదివారం సాయంత్రం పెందుర్తి నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. చేతిలో కొత్త ఎయిర్‌బ్రష్ (గాలితో రంగును తుంపరగా చిమ్మే పెన్నులాంటి పరికరం) పెట్టె, సంచిలో దానికి గాలి పంపే చిన్న కంప్రెసర్, చంకలో చుట్టి తెచ్చిన కాన్వాసు. విప్పి నేల మీద పరిచింది. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద తెల్లవారుతున్న ఆకాశం. కింద నారింజ రంగు మొదలై పైకి వెళ్లేకొద్దీ నీలంలో కరిగిపోవాలి. ఆ రెండు రంగుల మధ్య చీమలు బారు కట్టినట్టు చుక్కలు, అక్కడక్కడా పెసరగింజంత నీటి మరకలు. "నా చెయ్యి నిలకడగా ఉండటం లేదక్కా, దీనికి నేను పనికిరానేమో" అంది. ఆ మాట అనేటప్పుడు గొంతు పూడుకుపోయింది.

పెన్సిలిచ్చి ఒక గీత గీయమన్నాను. దారం పట్టి గీసినట్టు వచ్చింది. ఆ చేతికి ఏ లోపమూ లేదు. నిలకడ లేనిది ఆమె కొన్న గాలికి.

అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. పధ్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నాకోసం ఓడల నమూనాలు చేసుకుంటాను, బతుకుతెరువుకు హెల్మెట్లకూ బండ్ల ట్యాంకులకూ బొమ్మలు వేస్తాను. ఈ పధ్నాలుగేళ్లలో మంచి చేతులున్న పిల్లలు ఎంతమంది తమ చేతినే అనుమానించి ఎయిర్‌బ్రష్‌ను అటక మీద పడేశారో చూశాను. వాళ్లందరికీ అమ్మిన మనిషి చెప్పిన మాట ఒక్కటే: "ఇది అన్నిటికీ పనికొస్తుంది." ఈ అమ్మాయికీ అదే చెప్పారట. నాలుగడుగుల కాన్వాసు మీద వేస్తానని ఆమె ముందే చెప్పింది. అయినా 0.2 నాజిల్ (రంగు చిమ్మే ముక్కు రంధ్రం, కొలత మిల్లీమీటర్లలో) ఉన్న బ్రష్షునూ గాలి నిలవుంచే ట్యాంకు లేని కంప్రెసర్‌నూ కలిపి కట్టబెట్టారు. నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఏం వేస్తారు, ఎంత పెద్దది వేస్తారు, ఏ రంగుతో వేస్తారు అన్నది ముందు తేల్చుకోవాలి. దాన్నిబట్టి నాజిల్, దాన్నిబట్టి గాలి. మనవాళ్లు దీన్ని తిరగేస్తారు. ముందు మెరిసే బ్రష్షు కొంటారు, మిగిలిన డబ్బుకు ఏ కంప్రెసర్ వస్తే అది తెస్తారు, ఆ తర్వాత దానితో ఏం చేయాలా అని ఆలోచిస్తారు.

నాజిల్ సంగతి చూడండి. 0.2 మిల్లీమీటర్లంటే సన్నం, సన్నమంటే గొప్ప అని ఒక నమ్మకం పాతుకుపోయింది. మన విశాఖ బీచ్ రోడ్డు మీదున్న కురుసుర జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. 350వ వంతు నమూనా చేస్తే 26 సెంటీమీటర్లు, జానెడు కంటే కొంచెం ఎక్కువ. దాని పొట్ట మీద తుప్పు చారలు వేయాలంటే 0.2 కావాలి. రంగు ఇంకులా పలచగా ఉండాలి, గాలి ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దాటకూడదు, ముక్కు ఉపరితలానికి రెండు వేళ్ల దూరంలో ఉండాలి. ఆ పనికి అది ప్రాణం. అదే బ్రష్షుతో నాలుగడుగుల ఆకాశం నింపమంటే స్పూనుతో బిందె నింపినట్టు. పైగా మామూలు అక్రిలిక్ రంగు ఆ సన్నటి రంధ్రంలో ఆరి, దాని మధ్యలో ఉండే సూది కొనకు బెల్లంపాకంలా అతుక్కుంటుంది. పది నిమిషాలకొకసారి తుడుచుకోవాల్సిందే. కాన్వాసుకు, గుడ్డకు, అడుగున్నర మట్టి వినాయకుడి ఒంటిరంగుకు 0.5 కావాలి. ఒక్కటే కొనగల స్తోమత ఉంటే 0.3కీ 0.35కీ మధ్య చూసుకోండి. ఇవాటా కంపెనీ హెచ్‌పీ-సీఎస్ బ్రష్షు 0.35తో వస్తుంది, బ్యాడ్జర్ పేట్రియట్ 105 మోడల్ 0.5తో వస్తుంది. రెండూ ఏళ్ల తరబడి చేతిలో నిలిచే సరుకు, విడి భాగాలు మార్చుకోవచ్చు. విడిగా సూదీ నాజిలూ దొరకని బ్రష్షు ఎంత చవకైనా కొనవద్దు. సూది కొన ఒక్కసారి నేలకు తగిలి వంగిందంటే ఆ బ్రష్షు కథ ముగిసినట్టే.

డబుల్ యాక్షన్ గొప్పది, సింగిల్ యాక్షన్ పిల్లల ఆట అనే మాట కూడా నాకు నచ్చదు. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. గీత సన్నం నుంచి లావుకు సాగాలంటే అదే కావాలి, వేలికి అలవాటు కావడానికి రోజులు పడుతుంది. సింగిల్ యాక్షన్‌లో నొక్కగానే రెండూ వస్తాయి, రంగు ఎంత రావాలో ముందే తిప్పి పెట్టుకుంటాం. పాష్ కంపెనీ హెచ్ మోడల్ లాంటివి రంగునూ గాలినీ ముక్కు బయట కలుపుతాయి. తుంపర కొంచెం ముతకగా ఉంటుంది. కానీ నేపథ్యాలకూ స్టెన్సిల్ పనికీ అలసట తెలియదు, కడగడం రెండు నిమిషాల పని. పైన గిన్నె ఉన్న బ్రష్షులో రంగు తన బరువుకు తానే జారుతుంది కనుక తక్కువ గాలితో, నాలుగు చుక్కల రంగుతో పని జరుగుతుంది. కింద సీసా ఉన్నదానిలో రంగును పైకి పీల్చాలి, గాలి ఎక్కువ కావాలి. అయితే టీషర్టులు వరసగా వేసేవారికి సీసా మార్చితే రంగు మారుతుంది, అది పెద్ద వెసులుబాటు.

ఇక గాలి. విశాఖలో ఈ పని చేసేవాళ్లు అందరికంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది ఇదే.

ట్యాంకు లేని కంప్రెసర్‌లో పిస్టన్ ఒక్కో తోపుకు ఒక్కో విసురు గాలి నేరుగా గొట్టంలోకి వస్తుంది. నాడి కొట్టుకున్నట్టు గాలి కొట్టుకుంటుంది. దగ్గరగా పట్టి గీత గీస్తే ఆ కొట్టుకోవడం కాగితం మీద చుక్కల బారుగా పడుతుంది. ఆ అమ్మాయి ఆకాశంలో చీమల బారులు అవే. మూడు లీటర్ల చిన్న ట్యాంకు మధ్యలో ఉంటే ఆ విసుర్లన్నీ అందులో సద్దుమణిగి గాలి నదిలా వస్తుంది. మోటారు కూడా ఆగుతూ నడుస్తూ చల్లబడుతుంది. మామూలు హాబీ కంప్రెసర్ నిమిషానికి 20 నుంచి 25 లీటర్ల గాలి ఇస్తుంది, ఒత్తిడి నాలుగు బార్లకు (ఇదీ ఒత్తిడి కొలతే) చేరగానే తనంతట తాను ఆగి, మూడు బార్లకు పడగానే మళ్లీ మొదలవుతుంది. ఒక బ్రష్షుకు అది చాలు.

రెండోది నీళ్లు. గంటసేపు రంగు కొట్టాక బ్రష్షు ముక్కు నుంచి హఠాత్తుగా నీటిబొట్టు ఉమ్మినట్టు ఎందుకు పడుతుందో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. కారణం మన సముద్రపు గాలే. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజులు మనకు కొత్తకాదు. అలాంటి రోజు ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని నాలుగో వంతు చోటులోకి కుక్కారనుకోండి. కంప్రెసర్ గేజీ మీద అది మూడు బార్లు. కుక్కినప్పుడు వేడెక్కిన గాలి మళ్లీ 30 డిగ్రీలకు చల్లబడగానే ఆ ఇరుకులో ఏడెనిమిది గ్రాముల ఆవిరే నిలవగలదు. మిగతా 16 గ్రాములూ నీళ్లే, అంటే మూడు చెంచాలు. అవి ఎక్కడికో అక్కడికి చేరాలి కదా. ట్యాంకు ఉంటే దాని అడుగున చేరతాయి. లేకపోతే గొట్టంలో చల్లబడి, గొట్టం వెంబడి జారి, మీరు కన్ను గీసే క్షణానికి కన్ను మీద పడతాయి.

కంప్రెసర్‌కు బిగించిన మాయిశ్చర్ ట్రాప్, అంటే గాలిలోని నీటిని పట్టే చిన్న గిన్నె, ఉందిగా అంటారు. ఉంది. కానీ అది వేడి గాలి బయటికొచ్చే చోటే ఉంటుంది. అక్కడికి ఆవిరి ఇంకా నీరుగా మారి ఉండదు, ఆవిరిని ఆ ట్రాప్ పట్టలేదు. అందుకే మూడు మీటర్ల గొట్టం వాడి, బ్రష్షు పిడికి కిందనే ఇంకొక చిన్న ట్రాప్ బిగించాలి. గాలి దారిలో చల్లబడుతుంది, నీరు అక్కడ చిక్కుతుంది. పొడి ఊళ్లలో ఉన్నవాళ్లు ఇది అనవసరం ఖర్చు అంటారు. వాళ్ల ఊళ్లో నిజమే కావచ్చు. పెదవాల్తేరులో కాదు.

గేజీ చూసే పద్ధతి కూడా చెప్పాలి. ట్రిగ్గర్ వదిలేసి ఉన్నప్పుడు 25 పీఎస్‌ఐ చూపించిన ముల్లు, నొక్కగానే 18కి పడిపోవచ్చు. లెక్కలోకి వచ్చేది నొక్కినప్పటి అంకె. నొక్కిపట్టి, ఒత్తిడిని సరిచేసే మర, రెగ్యులేటర్, తిప్పండి. కాన్వాసుకు, హెల్మెట్లకు నేను 20 నుంచి 30 మధ్య వాడతాను. గుడ్డ మీద రంగు దారాల్లోకి దిగాలి కనుక 40 నుంచి 60 దాకా వెళ్తుంది. టీషర్టులు నిత్యం వేయాలనుకునేవారు నాలుగు బార్లకే ఆగిపోయే చిన్న కంప్రెసర్ కొంటే ఆ పైఅంచు వాళ్లకు అందదు. నాలుగు బార్లంటే 58 పీఎస్‌ఐ.

గాలి కోసం జనం పడే అవస్థలన్నీ చూశాను. గాలి డబ్బాలు కొంటారు, నాలుగు నిమిషాలు కొట్టగానే డబ్బా మంచులా చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. కారు టైర్లకు గాలి కొట్టే పంపు తెస్తారు, దానికి ట్యాంకూ ఉండదు, రెగ్యులేటరూ ఉండదు, పావుగంటకు కాలిపోయేంత వేడెక్కుతుంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్ నిశ్శబ్దంగా నడుస్తుంది, నిజమే, కానీ గాలితోపాటు నూనె తుంపర కూడా వస్తుంది. దానికి వడపోత లేకపోతే రంగు మీద చేపకళ్లు, అంటే గుండ్రటి చిన్న గుంటలు, లేస్తాయి. అపార్టుమెంట్లో అర్ధరాత్రి పనిచేసేవారికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, సరైన రెగ్యులేటరు మంచి దారి. చప్పుడు లేదు, నీళ్లు లేవు, కరెంటు పోయినా పని ఆగదు. సిలిండరును నిలబెట్టి గోడకు కట్టాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. ఆక్సిజన్ సిలిండరు మాత్రం ఎవరు ఇస్తానన్నా తీసుకోవద్దు. నూనె, థిన్నరు ఉన్న చోట ఆక్సిజన్ అంటే నిప్పుతో కాపురం.

గాజువాక ఆటోనగర్ షెడ్లలో ఉండే పెద్ద కంప్రెసర్ ఇంటి బొమ్మలకు ఎక్కువే. కానీ బండి ట్యాంకుకు చివర్లో క్లియర్ కోటు, అంటే బొమ్మను కాపాడే పారదర్శకమైన పైపూత, కొట్టాలంటే ఎయిర్‌బ్రష్ చాలదు, స్ప్రే గన్ను కావాలి. గన్ను తాగే గాలిని చిన్న కంప్రెసర్ ఇవ్వలేదు. నేను బొమ్మ ఇంట్లో వేసి, క్లియర్ కోటు షెడ్డులో వేయిస్తాను. రెండు ద్రవాలు కలిపి వాడే ఆ క్లియర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ముక్కుకు జేబురుమాలు కట్టుకుని కొట్టే కుర్రాళ్లను చూస్తే నాకు నిద్ర పట్టదు. నీటి రంగులైనా సరే, తుంపరగా మారాక అది పీల్చే వస్తువు కాదు. సరైన రెస్పిరేటర్ కొనండి. కాడ్మియం ఉన్న రంగులను అసలు స్ప్రే చేయకూడదు. ఆ మాట ట్యూబు మీదే ఉంటుంది, చదవండి.

ఎంవీపీ కాలనీలో మా వదిన కేకులు చేస్తుంది. ఒకసారి నా బ్రష్షు ఒక్కపూట ఇమ్మంది. ఇవ్వలేదు. "కడిగి ఇవ్వొచ్చు కదా" అని నొచ్చుకుంది. నా బ్రష్షు సీళ్లలో ఏళ్ల థిన్నరు నాని ఉంది వదినా, అది పిల్లల కేకు మీద పడుతుంది అన్నాను. తర్వాత ఆమెకు విడిగా ఒక సింగిల్ యాక్షన్ బ్రష్షూ నూనె వాడని చిన్న కంప్రెసరూ నేనే ఎంపిక చేసి ఇచ్చాను. కేకుకు 15 నుంచి 20 పీఎస్‌ఐ చాలు, అరగంట పని, అక్కడ ట్యాంకు లేకపోయినా గడుస్తుంది. పనిని బట్టి సరుకు అంటే ఇదే.

అసలు 1870ల్లో అమెరికాలో ఈ పరికరం పుట్టినప్పుడు గాలిని చేత్తో పంపు కొట్టి నింపుకొనేవారట. అంత కష్టపడ్డవారికి గాలి విలువ తెలియకుండా ఉంటుందా? మనకు స్విచ్ వేస్తే వస్తోంది కనుక దాన్ని మరిచిపోయి డబ్బంతా బ్రష్షు మీద పోస్తున్నాం. పదివేలుంటే ఆరువేలు గాలికి పెట్టండి. బ్రష్షు రేపు మార్చుకోవచ్చు, మంచి కంప్రెసర్ పదేళ్లు మీతో ఉంటుంది.

ఆ అమ్మాయి సంచిలోని కంప్రెసర్‌ను పక్కన పెట్టించి, నా ట్యాంకుకు నా పాత 0.5 సీసా బ్రష్షు తగిలించి ఇచ్చాను. నొక్కిపట్టి 25 దగ్గర గేజీ నిలిపాను. రంగును పాలంత పలచన చేశాం. ప్రైమర్, అంటే రంగు కింద వేసే అడుగుపూత, వేసిన అట్ట మీద జానెడు దూరం నుంచి అడ్డంగా ఊపమన్నాను. నాలుగో ఊపుకు నారింజ, ఏడో ఊపుకు నీలం, వాటి నడుమ ఎక్కడా అంచు లేదు. ఆమె అట్టను వెలుతురులోకి పట్టుకెళ్లి చాలాసేపు చూసింది.

వెళ్లే ముందు ట్యాంకు అడుగు వాల్వు విప్పమన్నాను. బుస్సుమని గాలి, వెనకే తుప్పు రంగు నీళ్లు. ఆ వారం నేనూ తీయడం మరిచాను, స్టీలు గ్లాసులో రెండు వేళ్ల ఎత్తున నిండింది. గ్లాసును వంచి చూసి, "ఇలాంటి నీళ్లా అక్కా నా ఆకాశం మీద పడింది" అంది.

వచ్చే ఆదివారం ఆ కాన్వాసుకే మళ్లీ తెల్ల ప్రైమర్ కొట్టి మొదలుపెడుతున్నాం.