పడిశం పథకం: అప్లికేషన్ అక్కర్లేదు, ఇంటికే వస్తుంది

అర్హులకీ అనర్హులకీ అందరికీ, మధ్యలో ఎవడూ నొక్కేయకుండా పూర్తిగా అందుతున్న పథకం ఈ దేశంలో ఒక్కటే ఉంది, అది ఫ్లూ. రేషన్ కార్డు అడగదు, ఆధార్ లింక్ అయిందా అనదు, వేలిముద్ర పడట్లేదని వెనక్కి పంపదు, సర్వర్ డౌన్ ఉంది రేపు రండి అనదు. ఏడాదికి రెండు విడతలు, వానాకాలంలో ఒకటి, మళ్ళీ జనవరి నుంచి మార్చి మధ్యలో ఇంకోటి. పడిందా లేదా అని బ్యాంకు చుట్టూ తిరగక్కర్లేదు, పడితే ఒళ్ళు నొప్పులే చెప్తాయి.

ఇంత చక్కగా నడుస్తున్న పథకాన్ని కొందరు డాక్టర్లు అరికట్టాలి అరికట్టాలి అంటున్నారు. నాకైతే బాధేస్తోంది. ఎందుకంటే దీనికి జీతం భత్యం లేకుండా పనిచేస్తున్న వాలంటీర్లం మనమే కదా, మన కష్టం ఏమైపోవాలి? అందుకే ఈ శ్రావణంలో మా ఇంట్లో పథకం ఎలా అమలైందో రికార్డు కోసం రాసి పెడుతున్నా.

మా బాబాయ్‌కి గొంతు గరగర మొదలైంది శుక్రవారం. శనివారం పెళ్ళి. మామూలు మనిషైతే ఇంట్లో పడుకునేవాడు, కానీ మా బాబాయ్ మర్యాదస్తుడు, "వెళ్ళకపోతే వాళ్ళేమనుకుంటారు" అని జ్వరం బిళ్ళ ఒకటి వేసుకుని బయల్దేరాడు. ఏసీ ఫంక్షన్ హాలు, తలుపులన్నీ బిగించేశారు, ఎనిమిది వందల మంది, అందరితో చేతులు కలిపాడు, నలుగురు పిల్లల్ని ఎత్తుకుని ముద్దు పెట్టాడు, బఫే లైన్లో అందరూ పట్టుకున్న గరిటే తనూ పట్టుకున్నాడు. అసలు ఈ వైరస్ తెలివి చూడండి, లక్షణాలు కనపడటానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకి అంటుకోవడం మొదలుపెడుతుంది, అంటే గురువారమే బాబాయ్ డ్యూటీ ఎక్కేశాడన్నమాట, తనకే తెలీదు. ఇలాంటి నిస్వార్థ సేవ ఎక్కడుంటుంది!

ఆదివారం మా ఇంటికొచ్చాడు. నానమ్మ మంచం మీదే కూర్చుని, అరచేతిలోకి దగ్గి, అదే చేత్తో టీవీ రిమోట్ తీసుకున్నాడు. (మోచేతిలోకి దగ్గమంటారు కానీ ఇస్త్రీ చొక్కా పాడవదూ?) స్టీలు, ప్లాస్టిక్ లాంటి నున్నటి వాటి మీద ఈ వైరస్ ఒకట్రెండు రోజులు బతికుంటుందట. మా ఇంట్లో ఆ రిమోట్ కోసం రోజుకి నాలుగు సార్లు యుద్ధం జరుగుతుంది, కాబట్టి పంపిణీలో ఎవరికీ అన్యాయం జరగలేదు.

మంగళవారం మా వాడికి జ్వరం. వాడికేమో స్కూల్లో ఫుల్ అటెండెన్స్ సర్టిఫికెట్ కావాలి, మా ఆవిడకేమో యూనిట్ టెస్ట్ పోకూడదు, నాకేమో సెలవు లేదు. ఏడున్నరకి సిరప్ పోశాం, ఎనిమిదికి ఒళ్ళు చల్లబడింది, బస్సెక్కించాం. సిరప్ వేడిని తగ్గిస్తుంది గానీ వైరస్‌ని కాదు అని తెలీక కాదండీ, పదకొండింటికి స్కూల్ వాళ్ళు ఫోన్ చేసేలోపు నా మీటింగ్ అయిపోతుందని లెక్క. ఆ వారాంతానికి వాళ్ళ క్లాసులో సగం బెంచీలు ఖాళీ అట. క్లాస్ వాట్సాప్ గ్రూపులో "ఎవరో జ్వరమున్న పిల్లల్ని పంపిస్తున్నారు, బుద్ధుండక్కర్లేదా" అని ఒకావిడ పెడితే, నేనే మొదట థంబ్స్ అప్ కొట్టా.

ఇంతమంది పడ్డాక ఇంట్లో విచారణ జరిగింది. బాబాయ్ మీద అనుమానం రానేలేదు. ముద్దాయిలు ఎవరెవరంటే, వాడు తిన్న ఐస్‌క్రీమ్, నేను తలస్నానం చేసి తల సరిగ్గా తుడుచుకోకపోవడం, మా ఆవిడ వానలో కూరగాయలకి వెళ్ళడం, అన్నిటికన్నా ముఖ్యంగా పెరుగు. తెలుగిళ్ళల్లో జలుబు కేసు ఏదైనా తీర్పు పెరుగు మీదకే పోతుంది, రాత్రిపూట పెరుగైతే యావజ్జీవమే. ఇన్‌ఫ్లుయెంజా అనే పేరు ఇటలీ వాళ్ళది, అప్పట్లో నక్షత్రాల ప్రభావం వల్ల వస్తుందనుకుని అలా పెట్టారట. నవ్వకండి, వాళ్ళు కనీసం ఆకాశం దాకా వెళ్ళారు, మనం ఫ్రిజ్ దగ్గరే ఆగాం.

ఇక వైద్యం. మొదట అమృతాంజనం. దాంట్లో మనకి జన్మహక్కుంది, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన బామ్ అది. హాయిగా ఉంటుంది, కాదనను, మిరియాల చారు కూడా హాయిగానే ఉంటుంది, గొంతు దాటి వైరస్ దాకా వెళ్ళవు అంతే. తర్వాత మెడికల్ షాపు. "అన్నా, జలుబు జ్వరం దగ్గు, నలుగురికి" అంటే చాలు, టిఫిన్ పార్సిల్ కట్టినట్టు నాలుగు పొట్లాలు కట్టిస్తాడు, అందులో అజిత్రోమైసిన్ తప్పనిసరి, కొసరు లాగా. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాని, ఫ్లూ వైరస్‌కి దాంతో పనే లేదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ దేశమంతా దగ్గిస్తున్నప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషనే చెప్పింది, జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, ఊరికే యాంటీబయాటిక్స్ మింగొద్దు అని. మూడు వారాలు ఆగాలా! మా వీధి ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి "డాక్టర్ గారూ, మాత్రలు వద్దు, సూది వేసెయ్యండి" అన్నాను, ఆయన వేసేశాడు, ఏం వేశాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు, మా మధ్య అంత నమ్మకం.

పథకానికి ప్రతిపక్షం కూడా ఉంది, దాన్ని టీకా అంటారు. వైరస్ ఏటా వేషం మారుస్తుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి కూర్చుని రాబోయే సీజన్‌కి టీకాలో ఏ రకాలు పెట్టాలో చెప్తారు. ఏడాదికోసారి వేయించుకోవాలి, పనిచేయడానికి ఓ రెండు వారాలు పడుతుంది, ఆరు నెలలు దాటిన పిల్లల దగ్గర్నుంచి వేయొచ్చు, ముఖ్యంగా ముసలివాళ్ళకి, గర్భిణులకి, షుగరూ ఆస్తమా ఉన్నవాళ్ళకి. సర్కారు ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, జేబులోంచి పెట్టుకోవాలి. మా ఇంట్లో దీని గురించి చర్చ వచ్చింది కూడా, "అంత డబ్బు పెట్టి వేయించుకున్నాక జలుబు రాకపోతే దండగ కదా" అన్నాడు బాబాయ్, అందరం తలూపాం.

నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని పాత హైదరాబాదీలు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు, క్వారంటైన్ అనడానికి నోరు తిరక్క కోరంటి అయింది. ఆ మాట అర్థం, జబ్బున్నవాడు కొన్నాళ్ళు విడిగా ఉండటం. మాట మిగిలింది గానీ పని పోయింది. 2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు తేలింది మన హైదరాబాద్‌లోనే, అప్పుడు కర్చీఫ్‌లు కట్టుకుని వణికిపోయాం, అదే హెచ్1ఎన్1 ఇప్పుడు పర్మినెంట్ ఉద్యోగి, ఏటా వచ్చి సంతకం పెట్టి పోతుంది, ఎవడూ తల కూడా ఎత్తి చూడట్లేదు.

పడిశం పది రోగాల పెట్టు అని నానమ్మ ఎప్పుడూ అనేది. డెబ్బై ఆరేళ్ళు, షుగర్. మా అందరికీ తగ్గింది, తనకి తగ్గలేదు. నాలుగు రోజులు పొట్లం మాత్రలే ఇచ్చాం, ఐదో రోజు మాట్లాడుతుంటే ఆయాసం, ఆరో రోజు తెల్లవారుజామున ఆటోలో తీసుకెళ్ళాం. ఆక్సిజన్ పెట్టారు, న్యుమోనియా అన్నారు. డ్యూటీ డాక్టర్ చిన్నమ్మాయి, కోపంగా కూడా ఏం లేదు, "ఫ్లూకి ఒసెల్టామివిర్ అని మందుందండీ, మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, ఇన్ని రోజులు ఏం వాడారు?" అని అడిగింది. నేను పొట్లం చూపించా. చూసి పక్కన పెట్టింది.

తొమ్మిది రోజులకి వార్డుకి మార్చారు. చూడ్డానికి చుట్టాలొచ్చారు, బ్రెడ్డూ బత్తాయిలూ హార్లిక్సూ. బాబాయ్ కూడా వచ్చాడు, దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు, కానీ హాస్పిటల్ కదా అని బుద్ధిగా మాస్క్ పెట్టుకున్నాడు. నానమ్మ మంచం పక్కన స్టూల్ లాక్కుని కూర్చున్నాడు, మాస్క్ గడ్డం కిందకి లాగి, రెండు సార్లు గట్టిగా దగ్గి, మళ్ళీ సర్దుకున్నాడు.

"నేను చెప్తూనే ఉన్నానా అమ్మా," అన్నాడు ఆవిడ చెయ్యి పట్టుకుని, "రాత్రిపూట పెరుగు వద్దే అని."