మూడేళ్ల ప్రతివాది

అమెరికా ప్రభుత్వాన్ని జనం ఊరికే ఆడిపోసుకుంటున్నారు. అనుమతి లేకుండా సరిహద్దు దాటిన పిల్లలకు అక్కడ దక్కే మర్యాద చూస్తే, ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఉంటున్న మాబోటి తెలుగువాళ్లకు అసూయగా ఉంటుంది. మూడేళ్ల పిల్లను మేం అంగన్‌వాడీకి పంపి ఊరుకుంటాం. అక్కడ అదే వయసుకు ఇమిగ్రేషన్ (వలస) కోర్టులో ప్రతివాది హోదా! సర్కారు తరఫున లాయరు తప్పకుండా ఉంటాడు. పిల్ల తరఫున ఎవరైనా దయతలిస్తే సరి, లేదంటే తన కేసు తనే వాదించుకోవాలి. ఇందులో అన్యాయమేముంది? మూడు, నాలుగేళ్ల పిల్లలకు తాను ఇమిగ్రేషన్ చట్టం నేర్పానని, ఓపిక కావాలి గానీ వాళ్లకు అర్థమవుతుందని జాక్ వీల్ అనే జడ్జిగారే వాంగ్మూలమిచ్చారు. 2016లో ఆ సంగతి పత్రికల్లో వచ్చింది. మా అక్క మనవరాలికీ మూడేళ్లే. ఏ చెప్పు ఏ కాలిదో ఇంకా తేలలేదు. జయపురంలో మంచి ట్యూషనుంటే చెప్పండి.

సబ్బు సంగతీ అంతే. నిర్బంధించిన పిల్లల్ని సురక్షితంగా, శుభ్రంగా ఉన్న చోట ఉంచాలని ఓ కోర్టు కేసులో అమెరికా ప్రభుత్వమే చేసుకున్న 1997 నాటి ఫ్లోరెస్ ఒప్పందం. అందులో సబ్బు, టూత్‌బ్రష్ అని రాసి లేదు కదా అని 2019లో ప్రభుత్వ లాయరు అప్పీలు కోర్టులో వాదించారు. మా బ్లాకాఫీసులో తలపండిన గుమాస్తాలకు కూడా ఇంత తెలివి తట్టలేదు.

2018లో సరిహద్దు దాటి వచ్చిన తల్లిదండ్రుల్ని జైలుకీ, పిల్లల్ని వేరే చోటికీ పంపారు. 30 రోజుల్లో కలపమని కోర్టు చెప్పాక చూసుకుంటే, ఏ పిల్ల ఎవరిదో రికార్డులు సరిగ్గా లేవు. మా ఊళ్లో ఆవు చెవికి సైతం 12 అంకెల నంబరుతో పసుపు ట్యాగు ఉంటుంది. పోనీ బంధువులొచ్చి తీసుకెళ్తారా అంటే, అలా ముందుకొచ్చిన వాళ్లలో 170 మందిని అదే ఏడాది అరెస్టు చేశారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

అందుకే నా సలహా: ఆ అధికారుల్ని ఒకసారి ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని కొటియా రమ్మనండి. అక్కడి 21 గ్రామాల కోసం ఒడిశా, ఆంధ్ర కొట్లాడుకుంటున్నాయి. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగవు. 2021లో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే, అది కోర్టు ధిక్కారమని ఒడిశా అంది. చాలా ఇళ్లలో రెండేసి రేషన్ కార్డులు. కుర్రాడు ఏ గట్టు దాటినా ఒకరు 'మావాడే' అంటారు, ఇంకొకరు అదే మాట ఒడియాలో 'ఆమ పిలా' అంటారు. పద్దెనిమిది నిండితే ఓటు కదా మరి!

అమ్మానాన్నల వెంట తెలంగాణ ఇటుక బట్టీలకు పోయే, ఒడిశాలోని బొలంగీర్ పిల్లల కోసం మాత్రం రెండు రాష్ట్రాలు ఇలా పోట్లాడుకోగా నేను వినలేదు. ఏం చేస్తాం, వాళ్లు దాటే సరిహద్దు మీద తగవు లేదు.