పొగ పెట్టింది ఆర్మీ, రుజువు తెమ్మన్నది సైనికుణ్ణి

ఇరాక్‌లో బలద్ అనే అమెరికా సైనిక స్థావరం దగ్గర ఎకరాల కొద్దీ ఒక చెత్త గొయ్యి ఉండేది, ప్లాస్టిక్ సీసాలు, బ్యాటరీలు, టైర్లు, హాస్పిటల్ చెత్త, అన్నీ అందులో వేసి విమానాల ఇంధనం పోసి రాత్రీపగలూ తగలబెట్టేవాళ్లు. వీటినే బర్న్ పిట్స్ అంటారు. మన ఊళ్లో డంపింగ్ యార్డ్ ఒక్కరోజు అంటుకుంటేనే కాలనీ మొత్తం కిటికీలు మూసేసుకుంటాం, అమెరికా సైనికులు ఆ పొగలోనే నెలల తరబడి తిన్నారు, పడుకున్నారు, పొద్దున్నే పరుగులు కూడా తీశారు.

ఎప్పుడో పదేళ్లకో పదిహేనేళ్లకో దగ్గితే రక్తం పడుతుంది, స్కాన్ తీస్తే లంగ్ క్యాన్సర్. డిజేబిలిటీ పెన్షన్ కోసం వెటరన్స్ అఫైర్స్, అంటే మాజీ సైనికుల బాగోగులు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ, అదే వీఏ దగ్గరికి వెళ్తే ఇది ఆ పొగ వల్లే వచ్చిందని చూపించు అనేవాళ్లు. ఎలా చూపిస్తాడండీ? ఏ రోజు ఏం కాల్చారో, గాల్లో ఏం కలిసిందో కొలిచే మీటర్ ఏమన్నా జేబులో పెట్టుకు తిరిగాడా? కొలవాల్సిందీ రాసిపెట్టాల్సిందీ ఆర్మీ, కాగితం లేదని కొట్టేసేది మాత్రం సైనికుడి క్లెయిమ్‌ని. 2022కి ముందు బర్న్ పిట్ క్లెయిముల్లో నాలుగింట మూడొంతులు అలాగే పోయాయి.

2022 ఆగస్టు 10న బైడెన్ సంతకం పెట్టిన పాక్ట్ యాక్ట్ మార్చింది సరిగ్గా దీన్నే. ఆ చట్టానికి పెట్టింది హీత్ రాబిన్సన్ అనే ఒహాయో నేషనల్ గార్డ్ సార్జెంట్ పేరు, ఆయన 2020లో లంగ్ క్యాన్సర్‌తోనే పోయాడు. 1990 ఆగస్టు 2 తర్వాత ఇరాక్, కువైట్, సౌదీ లాంటి చోట్ల గానీ, 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఆఫ్ఘనిస్తాన్ లాంటి చోట్ల గానీ పనిచేసి ఉంటే చాలు, లంగ్ క్యాన్సర్ సర్వీస్ వల్లే వచ్చిందని వీఏ ముందుగానే ఒప్పుకుంటుంది. దీన్ని ప్రిజంప్షన్ అంటారు. వియత్నాం యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికులకి, అక్కడ అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపు మందు విషయంలో ఇదే మాట 1994లో దక్కింది, అంటే మందు చల్లడం ఆపేసిన 23 ఏళ్లకి! మన దగ్గర కూడా 2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడి కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఇదే చెప్పింది, చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే అతను ఆరోగ్యంగానే చేరాడనుకోవాలి, కాదని చూపించాల్సింది సైన్యమే అని.

సిగరెట్లు తాగినోడికి కూడా ఇవ్వాలా అని కొందరంటారు. 1998 నుంచే సర్వీసులో సిగరెట్లు తాగడం వల్ల వచ్చిందంటే డిజేబిలిటీ రాదు అని చట్టం ఉంది, కానీ ప్రిజంప్షన్‌కి అది అడ్డు రాదు, అలాగే ఉండాలి కూడా. అయినా 1975 దాకా రేషన్ ప్యాకెట్లో సిగరెట్లు పెట్టి పంచింది ఎవరు?

డబ్బు సంగతికొస్తే, క్యాన్సర్ ఉన్నంతకాలం 100 శాతం రేటింగ్, అంటే పూర్తి వైకల్యం కింద లెక్క, 2025లో ఒంటరి వెటరన్‌కి నెలకి 3,831 డాలర్లు. ట్రీట్‌మెంట్ అయిపోయిన ఆర్నెల్లకి మళ్లీ పరీక్ష, జబ్బు తిరగబెట్టకపోతే అప్పటినుంచి మిగిలిన ఊపిరితిత్తి ఎంత పనిచేస్తోందో ఊదించి చూసి రేటింగ్ వేస్తారు, సగం ఊపిరితిత్తి తీసేయించుకుని ఆయాసంతో మెట్లెక్కేవాడికి ఇది కొంచెం చిరాకే. మనిషి ఆ జబ్బుతోనే పోతే భార్యకో భర్తకో 2025లో నెలకి వచ్చింది 1,653 డాలర్లు, అంటే సగం కూడా కాదు.

నాకు అసలు మింగుడుపడనిది మాత్రం లిస్టు బయట ఉండిపోయినవాళ్ల సంగతి. నేవీ ఓడల్లో ఇంజన్ రూముల్లో ఆస్‌బెస్టాస్ పీల్చినవాళ్లకి ఈ ప్రిజంప్షన్ లేదు, ఏ పని చేశాం, ఎంత పీల్చాం అని ఇప్పటికీ వాళ్లే చూపించుకోవాలి. నార్త్ కరోలినాలో క్యాంప్ లెజూన్ అనే సైనిక స్థావరం సంగతి ఇంకా విచిత్రం, 1953 నుంచి 1987 దాకా అక్కడి తాగే నీళ్లు విషమని ప్రభుత్వమే ఒప్పుకుంది, 30 రోజులు ఉన్న సైనికుడికి లంగ్ క్యాన్సర్ వస్తే వైద్యం ఇచ్చే జబ్బుల లిస్టులో అది ఉంది, డిజేబిలిటీ ఇచ్చే లిస్టులో లేదు. అంటే నీళ్ల వల్లే వచ్చి ఉంటుంది, వస్తే చూస్తాం అని హాస్పిటల్ వాళ్లంటారు, పెన్షన్ కౌంటర్‌కి వెళ్తే అదే వీఏ రుజువేదీ అంటుంది.