బిళ్లల కోర్సులో కరిగిపోయే నెలలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం. సరిహద్దుకు ఇవతలి, ఒడిశాలోని మన తెలుగు ఇళ్లల్లో ముప్పై మూడు, ముప్పై నాలుగు దాటాక మొదటి బిడ్డ కోసం చూసే జంటలు ఇప్పుడు అరుదేమీ కాదు. చదువులు, ఉద్యోగాలు, చెల్లెళ్ల పెళ్లిళ్లు, కారణం ఏదైనా కావచ్చు. ఇలాంటి జంటకు మొదట దొరికే సలహా ఒకటే: ‘గుడ్డు బలానికి’ యాంటీఆక్సిడెంట్ క్యాప్సూళ్లు, మూడు నెలల కోర్సు. ‘సీ’ విటమిన్, ‘ఈ’ విటమిన్, జింకు, సెలీనియం, కోఎంజైమ్ క్యూ10 అన్నీ ఒకే పట్టీలో. ఆ మూడు నెలలు గడిస్తే ఇంకో మూడు నెలలు. మా పేచీ క్యాప్సూల్‌తో కాదు, వరసతో. ఏ పరీక్షా జరగకముందే కోర్సు మొదలుపెట్టడమంటే ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమనడమే.

గుడ్ల లెక్క ఒకసారి చూద్దాం. ఆడపిల్ల పుట్టేనాటికి అండాశయాల్లో పది నుంచి ఇరవై లక్షల గుడ్లుంటాయి. రజస్వల అయ్యేసరికి మిగిలేవి మూడు, నాలుగు లక్షలు. 37 ఏళ్లకు సుమారు 25 వేలు, ముట్లుడిగేనాటికి ఓ వెయ్యి. కొత్తవి పుట్టించే మాత్ర ఏదీ లేదు. మిగిలినవాటి నాణ్యతది ఇంకో కథ. తల్లి కడుపులో ఉండగానే ప్రతి గుడ్డూ విభజన మధ్యలో ఆగిపోయి, తన వంతు వచ్చేదాకా పదిహేనేళ్లో నలభై ఏళ్లో అలాగే కాచుకుని ఉంటుంది. ఇన్నేళ్లలో క్రోమోజోములను జంటగా కట్టి ఉంచే ప్రొటీన్లు అరిగిపోతాయి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నీరసిస్తుంది, ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకు అణువులు లోపల గీతలు పెడతాయి. ఒక క్రోమోజోము అదనంగా ఉండే డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం తల్లికి 25 ఏళ్లప్పుడు సుమారు 1,250లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి వందలో ఒకటి కావడం ఇందుకే. యాంటీఆక్సిడెంట్ చేయగలిగిందల్లా ఆ మూడో నష్టాన్ని కొంత తగ్గించడం. అరిగిన కట్లను అది మళ్లీ ముడివేయలేదు.

ఎలుకల్లో పనిచేసిందంటారు. నిజమే. స్పెయిన్‌లోని వాలెన్సియా పరిశోధకులు ‘సీ’, ‘ఈ’ విటమిన్లు కలిపి మేపితే వయసు మీదపడిన ఆడ ఎలుకల్లో గుడ్లు మెరుగ్గా నిలిచాయి. అదే బృందం 2002లో ఇంకో సంగతీ బయటపెట్టింది: మందు మోతాదుల్లో అవే విటమిన్లు తిన్న ఎలుకల్లో అండాశయం, గర్భాశయం పని దెబ్బతిని, ఈతలు తగ్గాయి. కరపత్రాల్లో మొదటి ముక్కే అచ్చవుతుంది. మనుషుల సంగతికొస్తే, వైద్య ప్రయోగాలను కూడగట్టి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష 63 ప్రయోగాలను, 7,760 మంది స్త్రీల వివరాలను గుదిగుచ్చింది. కొంత లాభం ఉండవచ్చని చెబుతూనే, ఆధారాల నాణ్యత బాగా తక్కువని తేల్చింది. 35 దాటినవారిలో ‘ఈ’ విటమిన్ ఎక్కువగా తీసుకున్నవారికి కాస్త త్వరగా గర్భం నిలిచినట్టు ఒక అమెరికా విశ్లేషణలో కనబడింది. అది తిండిని, మాత్రలను లెక్కగట్టి చెప్పినది, మందిచ్చి పరీక్షించినది కాదు. మగవారి మీద చేసిన ప్రయోగం ఇంతకన్నా సూటిగా ఉంది. ‘సీ’, ‘ఈ’ విటమిన్లు, సెలీనియం, జింకు, కార్నిటిన్, లైకోపీన్ కలిపి 174 జంటల్లో పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్ర తిన్నవారికన్నా వీర్యమూ మెరుగుపడలేదు, గర్భాలూ పెరగలేదు.

పనిచేయకపోతే పోనీ, హాని లేదుగా అంటారు. అది కూర్పును బట్టి ఉంటుంది. అన్నిటికన్నా భయపడవలసింది ‘ఏ’ (A) విటమిన్‌కి. రెటినాల్ రూపంలో ఉన్నది రోజుకు 10,000 యూనిట్లు దాటితే గర్భం తొలి వారాల్లో బిడ్డ అవయవాలకు చేటు, పైగా ఆ వారాల్లో గర్భమొచ్చిందని తెలియనే తెలియదు. చర్మానికొకటి, కళ్లకొకటి, బలానికొకటి విడివిడిగా మింగేవారు పట్టీల వెనక అంకెలన్నీ కూడి చూసుకోవాలి. బీటా కెరోటిన్ అని రాసి ఉంటే ఈ గొడవ లేదు. ‘ఈ’ (E) విటమిన్ మనిషికి రోజుకు 15 మిల్లీగ్రాములు చాలు. జుట్టుకని కొనే ఆకుపచ్చ క్యాప్సూల్‌లో 400 ఉంటుంది. ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు వాడేవారికి అది రక్తస్రావం పెంచవచ్చు.

ఎవరూ చెప్పని ఇంకో చిక్కు బయోటిన్. జుట్టు బిళ్లల్లో 5, 10 మిల్లీగ్రాములుంటుంది, ఒంటికి కావలసింది అందులో వందో వంతు కూడా కాదు. అది రక్తంలో ఉండగా కొన్ని ల్యాబ్ కిట్లు తప్పుడు అంకెలిస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఏఎమ్‌హెచ్ (గుడ్ల నిల్వను అంచనా వేసే పరీక్ష), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) ఉన్నదానికన్నా తక్కువగా, ప్రొజెస్టిరాన్ (గుడ్డు విడుదలయ్యాక పెరిగే హార్మోన్) ఎక్కువగా చూపవచ్చు. గుడ్లు అయిపోయాయని బెదిరిపోవడమో, విడుదల కాని గుడ్డు విడుదలైందని నమ్మడమో జరిగేది ఇలాగే. రక్తం ఇవ్వడానికి కనీసం మూడు రోజుల ముందు ఆపి, ల్యాబ్‌లో ఆ మాట చెప్పండి. ఏఎమ్‌హెచ్ గుడ్ల సంఖ్యకు అంచనా మాత్రమే, నాణ్యత గురించి అది ఏమీ చెప్పదు.

మరి ముందు ఏం చేయాలి? 35 లోపు వారు డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఏడాది చూడవచ్చు. 35 దాటితే ఆరు నెలలే, 40 దాటితే అసలు ఆగకూడదు. నెలసరి సరిగా రానివారికి ఈ గడువులేవీ వర్తించవు, వెంటనే చూపించుకోవాలి. మొదటి పరీక్ష భర్తది, వీర్య పరీక్ష. ఇంటిల్లిపాదీ కోడలికి బిళ్లలు తెచ్చిపెట్టి కొడుకును వదిలేయడం మన దగ్గర మామూలే, కాని ఇంత చవకైన, ఇంత తేలికైన పరీక్ష ఇంకోటి లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండాలి. నమూనా గంటలోపు, వీలైతే అరగంటలోపే ల్యాబ్‌కు చేరాలి. గుణుపురంలో పట్టి రైల్లో విశాఖ తీసుకెళ్తే అది నమూనా కాదు, కాబట్టి ల్యాబ్‌లోనే ఇవ్వాలి. సబ్బు, కొబ్బరినూనె, మామూలు కండోమ్ వాడకూడదు. గత మూడు నెలల్లో మలేరియా జ్వరం వచ్చి ఉంటే, కొండ ప్రాంతాల్లో ఇది తరచూ ఎదురయ్యేదే, ఆ సంగతి చెప్పాలి. వీర్యకణం తయారవడానికి రెండు నెలల పైనే పడుతుంది గనక అప్పటి జ్వరం ఇప్పటి అంకెల్లో కనబడుతుంది. తేడా వస్తే మళ్లీ చేయించాలి.

ఆమె పరీక్షలకు నెలసరి తేదీయే క్యాలెండర్. విశాఖకో బరంపురానికో వెళ్లాలంటే ముట్టు మొదలైన రోజే ఫోన్ చేసి తేదీలు ఖాయం చేసుకోవాలి. ఎఫ్‌ఎస్‌హెచ్ (గుడ్ల ఎదుగుదలను నడిపే హార్మోన్), స్కానింగ్ ముట్టు మొదలైన రెండో, మూడో రోజున. గుడ్డు గర్భాశయానికి చేరే గొట్టాలు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే 6వ రోజు నుంచి 10వ రోజు మధ్య, అప్పటిదాకా కలయిక వద్దు. క్షయ గర్భాశయానికి, గొట్టాలకు సోకి చడీచప్పుడు లేకుండా మూసేయడం మన దేశంలో తక్కువేమీ కాదు, మూసుకుపోయిన గొట్టానికి విటమిన్ ఏం చేస్తుంది? ప్రొజెస్టిరాన్‌ను అందరికీ 21వ రోజునే రాసేస్తుంటారు. అది 28 రోజుల చక్రానికి సరిపోతుంది. 35 రోజులకు వచ్చేవారు 28వ రోజున ఇవ్వాలి, లేకపోతే గుడ్డు విడుదలైనా కాలేదనే వస్తుంది. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు వారు ఇద్దరూ సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్త జబ్బు) పరీక్ష ఇప్పుడే చేయించుకోవడం మంచిది.

వీటితోపాటే ఆపకూడని మాత్ర ఒకటుంది, ఫోలిక్ యాసిడ్, రోజుకు 400 మైక్రోగ్రాములు. గర్భానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా. ఇది గుడ్డుకు కాదు, బిడ్డ వెన్నుపాము కోసం. ఐరన్ బిళ్లను టీతోనూ, కాల్షియంతోనూ కలిపి వేసుకోవద్దు. సీ విటమిన్ కావాలా, స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాములు చాలంటారు మన ఐసీఎమ్మార్ (భారత వైద్య పరిశోధన మండలి) వారు, ఒక్క జామకాయలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

పొగాకు సంగతి మాత్రం విడిగా చెప్పాలి. పొగ తాగే స్త్రీలకు ముట్లు ఏడాది, రెండేళ్లు ముందే ఆగిపోతాయి. ఇటువైపు ఆడవారు పొగ తాగరని అనుకుంటాం గాని, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట ఇంకా పూర్తిగా పోలేదు, పళ్లకు గుడాకు రుద్దుకోవడం అసలే పోలేదు. గుడాకులోనూ ఉన్నది పొగాకే. యాంటీఆక్సిడెంట్ కొనే ఇంట్లో గుడాకు డబ్బా ఉంటే ముందు పారేయవలసింది ఆ డబ్బాను.

మన తెలుగు సంఘాలు పెట్టే ఆరోగ్య శిబిరాల్లో విటమిన్ పట్టీలు పంచుతుంటాం. ఆ డబ్బుతో పిల్లల కోసం చూస్తున్న జంటలకు వీర్య పరీక్షా, టీఎస్‌హెచ్, సికిల్ సెల్ పరీక్షా చేయించవచ్చు. మగవారు సిగ్గుపడతారని శిబిరంలో పేరు పిలవకుండా, చీటీ ఇచ్చి నేరుగా ల్యాబ్‌కు పంపితే సరి.