సవరణ: పేయర్ ప్యాచ్‌కి లోపలికి వచ్చే లింఫ్ నాళాలు లేవు

పేగు గోడలోని లింఫాయిడ్ (రోగనిరోధక) కణజాలం గురించి రాసిన పోస్టులో తప్పు దొర్లింది. పేయర్ ప్యాచ్ అంటే చిన్నపేగు గోడలో ఉండే అలాంటి కణజాలపు గుంపు. "పేయర్ ప్యాచ్ కూడా లింఫ్ నోడ్ లాంటిదే, చుట్టూ తొడుగు ఉంటుంది, యాంటిజెన్ (రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే పదార్థం) లింఫ్ నాళాల ద్వారా లోపలికి వస్తుంది" అన్నాను. సరికాదు. దానికి తొడుగు లేదు, లింఫ్‌ను మోసుకొచ్చే నాళాలూ లేవు. బయటికి తీసుకెళ్లేవి మాత్రం ఉన్నాయి, అవి మెసెంటరిక్ నోడ్లకు (పేగును పట్టి ఉంచే పొరలోని లింఫ్ నోడ్లకు) వెళ్తాయి.

మరి యాంటిజెన్ ఎలా వస్తుంది? నేరుగా పేగు లోపలి నుంచే. ఫాలికిల్ (లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల గుండ్రని ముద్ద) మీద గుమ్మటంలా లేచిన చోట వేళ్లలా పొడుచుకొచ్చే విల్లైలు ఉండవు, జిగురు స్రవించే గాబ్లెట్ కణాలు బాగా తక్కువ. అక్కడి ఎం కణాలకు పక్క కణాల్లా ఒత్తైన బ్రష్ అంచు (నూగులాంటి పై అంచు) ఉండదు. అడుగున సంచిలాంటి గుంట, అందులో లింఫోసైట్లు. పైన పట్టుకున్న బ్యాక్టీరియాను ఎం కణం వాటికి అందిస్తుంది. మామూలు హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఈయోసిన్ రంగులు వేసిన) స్లైడ్‌లో ఇదే ఎం కణం అని వేలుపెట్టి చూపడం కష్టం. కనపడలేదని టెన్షన్ పడక్కర్లేదు. నడిమిలో పాలిపోయినట్టుండే జెర్మినల్ సెంటర్, దాని చుట్టూ ముదురు అంచు కనిపిస్తే ఫాలికిల్ దొరికినట్టే.

ఇంకోటి: శ్వాసనాళపు తరహా ఎపిథీలియం (పైపొర కణజాలం) ఉండేది ఫారింజియల్ టాన్సిల్ (ముక్కు వెనక ఉండే అడినాయిడ్) మీద. పాలటైన్ టాన్సిల్ (నోటి వెనక రెండు పక్కలా ఉండేది) మీద ఉండేది కెరటిన్ లేని, పొరలు పొరల స్క్వేమస్ (చదునైన కణాల) ఎపిథీలియం. ఆ రెండింటినీ తారుమారు చేశాను.