మెడ మీద గీతకు సాక్షులెందరో

థైరాయిడ్ ఆపరేషన్ అయిన నాటి నుంచి మన మెడ మనది కాదు, బంధువుల ఉమ్మడి ఆస్తి. ఇంత ముఖ్యమైన సంగతి డిశ్చార్జి కాగితంలో ఎక్కడా రాయరు. ఆరోగ్యశాఖ వారు వెంటనే కల్పించుకోవాలి.

థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో నోబెల్ అందుకున్న స్విస్ సర్జన్ థియోడర్ కోచర్ పేరుతోనే, మెడ కింద అడ్డంగా పెట్టే ఈ కోతను ఇప్పటికీ 'కోచర్ కాలర్ కోత' అంటున్నారు. ఆయన ఊరు బెర్న్‌. అక్కడి చలికి కాలరు గుండీ పెట్టుకుంటే సరి, గీత మాయం. మా జాకెట్లకు కాలరు ఉండదని పాపం ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

గీత మాత్రం బుద్ధిమంతురాలు. మొదటి నెలల్లో ఎర్రగా ఉబ్బి, గుటక వేస్తే చర్మం కూడా పైకి లాగినట్టుండేది. 6 నెలలకు మెత్తబడింది. ఏడాదిన్నర దాటేసరికి పాలిపోయి, మెడ ముడతల్లో తానూ ఒక ముడతై కూర్చుంది. అందరికీ ఇంత అదృష్టం ఉండదు. మన చామనఛాయ వాళ్లలో కొందరికి కీలాయిడ్‌లా గట్టిపడి పెరుగుతుంది, ఇంజెక్షన్ల దాకా వెళ్లాలి. నాకు సిలికాన్ జెల్, ఎండలో సన్‌స్క్రీన్ సరిపోయాయి. పసుపు, గంధం, ఉల్లిపాయ రసం వగైరా సలహాలు ఇచ్చినవాళ్లకే వదిలేశాను.

మొన్న తెనాలిలో పెళ్లి. అక్షింతలు పట్టుకుని నిలబడితే మేనత్త నా గడ్డం పైకెత్తి, కళ్లజోడు సర్దుకుని, ఫోను లైటు వేసింది.

"ఏదే గీత? కనపడదే!"

అంత నిరాశ నేను చూడలేకపోయాను. "కాస్త కిందికి చూడత్తయ్యా" అని వేలు పెట్టి చూపించాను. ఆవిడ మొహం విప్పారింది. "అయ్యో, ఇంకా ఉందే! కంటె చేయించుకోరాదూ, కప్పేస్తుంది" అంది. ఇవాళ్టి బంగారం ధరకి ఇంత ఖరీదైన మందు రాసే స్కిన్ డాక్టరు ఇంకా పుట్టలేదు.

గ్రంథి మొత్తం పోయింది కాబట్టి జీవితాంతం పరగడుపున మాత్ర మింగి, కాఫీ కోసం గడియారం వంక చూస్తూ కూర్చోవాలి. ఆ సంగతి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు అనువైన వాళ్లకి కింది పెదవి లోపలి నుంచి కెమెరా పంపి, మెడ మీద గీతే లేకుండా గ్రంథి తీసేస్తున్నారట. ఈ మాట కూడా అత్తయ్య చెవిన వేశాను. కాసేపు ఆలోచించింది.

"అయితే వాళ్లని పెదవి తిప్పి చూపించమనాలన్నమాట."