ఆ ఎర్ర గీతలు గీసిన వారికి

ఈ నెల మొదట్లో మా వదినకు విజయనగరంలో ఆపరేషన్ అయింది. నర్సుగా పనిచేస్తున్న మా మేనకోడలు డ్యూటీ దిగి కూడా ఇంటికి వెళ్ళకుండా రాత్రంతా ఆమె మంచం పక్కనే కూర్చుంది. తెల్లవారుజామున చుట్టాల వాట్సాప్ గ్రూపులో రెండు ముక్కలు రాసింది. వదిన చిన్న కోడలిది బరంపురం, ఆమెకు తెలుగు చదవడం రాదు. ఆమె కోసమే ఇంగ్లీషులో రాసింది: ‘ఐ డిడ్ నాట్ వెంట్ హోమ్. అత్త స్లీపింగ్ నౌ ఓన్లీ.’

అరగంట తిరగకుండా పెద్ద చదువులు చదివిన బంధువు ఒకరు ఆ సందేశాన్ని ఫొటో తీసి, ‘వెంట్’ కింద, ‘ఓన్లీ’ కింద ఎర్ర గీతలు గీసి అదే గ్రూపులో పెట్టారు. పదకొండు మంది నవ్వే బొమ్మలు పెట్టారు. వదినకు ఎలా ఉందని మాత్రం వాళ్ళలో ఒక్కరూ అడగలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ‘నౌ ఓన్లీ’ ఎక్కడిదో తెలియదా? మన ‘ఇప్పుడే’. ఆ చివరి ఏత్వంలో ఉన్న ఒత్తిడిని ఆ పిల్ల ఇంగ్లీషులోకి మోసుకెళ్ళింది. ‘డిడ్’లోనే భూతకాలం ఉంది కనుక పక్క క్రియ మారకూడదన్నది ఇంగ్లీషు నియమం. జరిగిపోయిన పని కనుక ఆ పిల్ల క్రియనూ మార్చింది. అది నియమం తెలియకపోవడమే, తెలివి లేకపోవడం కాదు. బరంపురం కోడలికి ప్రతి అక్షరమూ అర్థమైంది.

అమెరికా కుర్రవాడు ఒకే వాక్యంలో ‘నాట్’, ‘నో’ లాంటి కాదనే మాటలు రెండు పెట్టి రాస్తే అది స్టైల్ అని మనవాళ్ళే అనుకరిస్తారు. మన పిల్ల రాస్తే తప్పు! 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ అలాంటి వాక్యాలు ధారాళంగా రాశాడు. 18వ శతాబ్దంలో రాబర్ట్ లౌత్ రాసిన ఇంగ్లీషు వ్యాకరణం వాటిని తప్పుపట్టింది. ఇంగ్లీషు వాళ్ళ ‘యూ’ కూడా ఒకప్పుడు బహువచనమే. మన ‘మీరు’ లాగే ఒక్కరికీ మర్యాదగా వాడుతూ వాడుతూ ఏకవచనాన్నే మింగేసింది. వాడేవాళ్ళే భాషను నడిపిస్తారు.

ఈ మాట మన జిల్లాల వాళ్ళకు ఇంకొకరు చెప్పాలా? గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. జనం నోటి మాటను పండితులు గ్రామ్యమని ఈసడిస్తే ఎదురునిలిచి పోరాడారు. అడవిలో ఉన్న సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు. ఆగస్టు 29 వస్తే ఆయన ఫొటో పెట్టి దండం పెట్టేది కూడా ఈ బంధువే. ఆ దండంలో కాస్త గౌరవం ఈ పిల్లకు దక్కకూడదా?

ఉద్యోగ దరఖాస్తులో, పరీక్షలో ప్రామాణికమైన ఇంగ్లీషు కావాలి. కాదనను. అది నేర్పాలనుకుంటే ఆమెకు విడిగా ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. నలుగురిలో గీత గీస్తే ఎవరికీ వ్యాకరణం రాదు, నోరు మూతపడుతుంది.

మొన్న వదినకు కుట్లు విప్పారు. గాయం ఎలా ఉందని బరంపురం కోడలు గ్రూపులో మూడుసార్లు అడిగింది. అక్కడే ఉన్న మేనకోడలు జవాబు రాయలేదు. నాకు ఫోన్ చేసి, “మామయ్యా, గాయం బాగా మానింది. ఆ మాట మీరే రాసి పెట్టండి” అంది.